మత్తుసూదియు ఎక్కిళ్ళును

ఎక్కిళ్ళు వచ్చినపుడు ఎవరో తలచుకొనుచున్నారని మన యిండ్లలో అనుట వాడుక. ఒక గ్రుక్కెడు మంచినీళ్ళు త్రాగుట, ఊపిరి బిగబట్టుట, పసివాడైనచో హఠాత్తుగా ఉలికిపడునట్లు చేయుట, ఇవి మన మందరము ఎరిగిన చికిత్సలు. ఎక్కిళ్ళు వచ్చినవాడు మేలుకొని యుండుననుటయే ఈ చికిత్స లన్నింటికిని ఆధారము. శస్త్రచికిత్సకై బల్లమీద పరుండి, నరములోనికి మత్తుమందు సూది వేయించుకొని, తెలివి తప్పిన వానికి ఎక్కిళ్ళు మొదలైనచో ఏమి చేయవలెను? నీళ్ళిచ్చుటకు వీలులేదు. ఊపిరి బిగబట్టుమన్నచో అతనికి వినబడదు. బెదరించుటకు మెలకువయే లేదు. దేహము మాత్రము ఉండియుండి కుదుపు తినుచుండును. కత్తి పట్టిన వైద్యుడు చేయి ఆపి వేచియుండును.

ఇది వినుటకు చిన్న విషయము. కాని నరముద్వారా మత్తు నిచ్చు విధానపు చరిత్రను తిరుగవేసి చూచినచో, ఏ మందు నిలిచినది, ఏ మందు వెనుకబడినది అను తీర్పులో ఈ ఎక్కిళ్ళకు కూడ ఒక వాటా కలదని తెలియును. అంతకంటె ముఖ్యముగా, మత్తు దేహమునంతను ఒక్కసారిగా నిద్రపుచ్చదనియు, మెదడులోని కొన్ని భాగములు నిద్రించుచుండగా మరికొన్ని మేలుకొనియే యుండుననియు మనకు చెప్పు సాక్షులలో ఎక్కిలి యొకటి. ఆ కథను ఈ ప్రసంగమున చెప్పుకొందము.

ముందుగా ఎక్కిలి యన నేమో చూతము. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె పరచుకొని యున్న కండరపు పొర కలదు. దానిని ఉదరవితానమందురు. అది క్రిందికి దిగినపుడు ఊపిరితిత్తులలోనికి గాలి వచ్చును. ఎక్కిలి వచ్చినపుడు ఈ పొర ఒక్క కుదుపుతో బిగిసి గాలిని లోనికి లాగును. అయితే ఆ గాలి పూర్తిగా లోనికి పోజాలదు. సెకనును వేయి భాగములు చేసినచో అందులో 35 భాగములు గడచునప్పటికే గొంతులోని స్వరతంత్రులు దగ్గరకు వచ్చి ద్వారమును మూసివేయును. తలుపు వేసినట్టి ఆ చప్పుడే మనకు వినబడునది. సంస్కృతపు హిక్క, తెలుగు ఎక్కిలి, ఆంగ్లేయుల హిక్కప్, ఈ పేర్లన్నింటిలోను ఆ చప్పుడే వినిపించుచున్నది.

ఈ కుదుపునకు ఆజ్ఞ ఎక్కడనుండి వచ్చును? జీర్ణకోశమునుండియు, గొంతునుండియు, ఉదరవితానమునుండియు వార్తలను వేగస్, ఫ్రెనిక్ మొదలగు నాడులు పైకి కొనిపోవును. మెదడు అడుగుభాగమునను, మెడయందలి వెన్నుపామునను గల నాడీకేంద్రములు వానిని అందుకొనును. తిరిగి ఫ్రెనిక్ నాడిద్వారా ఉదరవితానమునకు ఆజ్ఞ దిగును. ఈ రాకపోకలలో ఆలోచించు మెదడునకు పని లేదు. తల్లి గర్భములోని శిశువునకు కూడ ఎక్కిళ్ళు వచ్చుననిన, ఈ యంత్రాంగము ఎంత ప్రాచీనమైనదో ఊహింపవచ్చును.

ప్రాచీనులు దీనిని అలక్ష్యము చేయలేదు. చరకసంహితలో హిక్కను శ్వాసరోగములతో కలిపి ఒకే అధ్యాయమున చెప్పినారు. మహతి, గంభీర, వ్యపేత, క్షుద్ర, అన్నజ యని దానిని అయిదు విధములుగా విభజించినారు. తొందరపడి తిన్నపుడు వచ్చి పోవునది మొదలు ప్రాణము మీదికి తెచ్చునది వరకు అన్నియు ఒకటి కావని వారి భావము. గ్రీసు దేశమున ప్లేటో రచించిన విందు సంవాదమున నాటకకర్త అరిస్టోఫనీస్‌కు తన వంతు మాటలాడవలసిన వేళ ఎక్కిళ్ళు పట్టుకొనును. ప్రక్కనున్న వైద్యుడు ఎరిక్సిమాకస్ మూడు ఉపాయములు చెప్పును: ఊపిరి బిగబట్టుము, అది పనిచేయనిచో నీటితో పుక్కిలింపుము, అప్పటికిని పోనిచో ముక్కును పురికొల్పి తుమ్ము తెచ్చుకొమ్ము. ఈ మూడవ ఉపాయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఇరువదిమూడు శతాబ్దములు గడచిన పిమ్మట అది మరియొక రూపమున శస్త్రచికిత్స గదిలోనికి వచ్చినది.

ఇక మత్తు సంగతి. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరమున మోర్టన్ అనునాతడు ఈథరు ఆవిరి పీల్పించి ఒక రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరిపింపగలిగెను. మరుసటి యేడు స్కాట్లండులో క్లోరోఫారము వచ్చినది. పీల్చు మత్తు నెమ్మదిగా ఎక్కును. రోగి మొదట మగతలోనికి పోవును. తరువాత కొంతసేపు కాళ్ళుచేతులు కొట్టుకొనుట, అరచుట, శ్వాస తప్పుదారి పట్టుట జరుగును. ఆ తరువాతనే నిశ్చలత వచ్చును. అమెరికా వైద్యుడు ఆర్థర్ గూడెల్ ఈ మెట్లను నాలుగుగా విభజించి పట్టిక వేసెను. రెండవ మెట్టునకు ఉద్రేకదశ యని పేరు. పై మెదడు పట్టు సడలగా, దాని అదుపులో నుండిన క్రింది కేంద్రములు కళ్ళెము తెగిన గుఱ్ఱములవలె ప్రవర్తించు దశ అది.

శ్వాసనే కనిపెట్టి యుండవలెనను బోధ మన హైదరాబాదులో బలముగా వినబడినది. అక్కడ రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలమున, నిజాము ద్రవ్యసహాయముతో 1888లోను 1889లోను రెండు క్లోరోఫారము కమిషనులు పనిచేసినవి. రెండవదానికి ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. క్లోరోఫారము వలన ముందు ఆగునది శ్వాసయే గాని గుండె కాదని కమిషను తేల్చినది. గుండెకు భయము లేదను భాగము తరువాతి పరిశోధనల ముందు నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ తేలిక మత్తులో క్లోరోఫారము గుండె లయను చెడగొట్టి చంపగలదని నిరూపించెను. అయినను రోగి ఊపిరినుండి కన్ను త్రిప్పకుమను లారీ హెచ్చరిక నేటికిని చెల్లుచునే యున్నది.

ముక్కుద్వారా కాక నరముద్వారా మత్తు నెక్కింపవలెనను ఊహ ఈథరుకంటె పాతది. 1656లో ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ రెన్ పక్షియీకను గొట్టముగా చేసి, తిత్తి కట్టి, ఒక కుక్క నరములోనికి నల్లమందును పంపెను. లండనులోని సెయింట్ పాల్ ఆలయమును కట్టిన శిల్పి ఆయనయే. బోలుసూది 1844లో డబ్లిన్‌లో ఫ్రాన్సిస్ రిండ్ చేతిలో పుట్టినది. 1853 నాటికి దానికి పిచికారీ తోడైనది. 1874లో ఫ్రాన్సులోని బోర్డో నగరమున ఓరే అను వైద్యుడు క్లోరల్ హైడ్రేటును మనుష్యుని నరములోనికి ఎక్కించి మత్తు కలిగించెను. అయితే అప్పటి మందులు మోతాదు అదుపులో నుంచుటకు లొంగలేదు. తగిన సూది యున్నను తగిన మందు లేదు.

ఆ మందు బార్బిట్యురేటుల వంశమునుండి వచ్చినది. 1864లో బేయర్ అను జర్మను రసాయనికుడు మూలపదార్థమును తయారుచేసెను. 1903లో ఫిషరు, ఫాన్ మేరింగు దానినుండి నిద్రమాత్రను తీసిరి. 1932లో వీజ్, షార్ఫ్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎవిపాన్ అను మందును ప్రవేశపెట్టిరి. సూది తీయకమునుపే రోగి నిద్రించుట లోకము అప్పుడు చూచినది. 1934లో అమెరికాలో రాల్ఫ్ వాటర్స్, జాన్ లండీ వేరువేరుగా థయోపెంటోనును వాడి చూచిరి. ఎవిపాన్‌తో కనబడిన కండరముల అదురు దీనితో తగ్గినది. తరువాత సుమారు అర్ధశతాబ్దము సూదిమత్తునకు థయోపెంటోనే రాజు.

ఇక్కడ ఒక విచిత్రము జరిగినది. ఈథరు పీల్చు రోజులలో నిమిషముల తరబడి సాగిన ఉద్రేకదశ కనుమరుగైనది. రోగి అంకెలు లెక్కపెట్టుచు పదివరకు పోకుండగనే నిద్రించెను. ఆ దశ పోయినదని చాలమంది తలచిరి. నిజమునకు అది పోలేదు. కొన్ని క్షణములలోనికి కుదించుకొని పోయినది. చిన్న దగ్గు, చేతివ్రేళ్ళ అదురు, ఒకటి రెండు ఎక్కిళ్ళు దాని మిగులు. పై మెదడును మందు ముందుగా అందుకొన్నది. దాని అదుపు తొలగినపుడు క్రింది నాడీకేంద్రములు ఒక్క క్షణము తమ యిచ్ఛ వచ్చినట్లు పనిచేసినవి. ఎక్కిలిని ఆ క్షణపు గుర్తుగా మనము భావింపవచ్చును.

ఈ సంగతి అందరి దృష్టికి వచ్చునట్లు చేసినది మెథోహెక్సిటోన్ అను మందు. 1950ల నడిమి కాలమున అమెరికాలో ఇది పరీక్షకు వచ్చినది. థయోపెంటోనుకంటె రెండుమూడు రెట్లు బలమైనది. మెలకువయు దానికంటె త్వరగా వచ్చును. పన్ను తీయించుకొని అదే పూట ఇంటికి పోదలచిన వారికి ఇంతకంటె ఏమి కావలెను? 1960లలో బ్రిటనులో దంతవైద్యుల కుర్చీలవద్ద దీనికి గొప్ప ఆదరణ కలిగినది. కాని దీనితో ఎక్కిళ్ళు, అదురు, కండరముల బిగువు థయోపెంటోనుకంటె చాల హెచ్చుగా కనబడినవి. కారణము దాని నిర్మాణములోనే యున్నది. థయోపెంటోనునకు త్వరను ఇచ్చినది గంధకపు అణువు. మెథోహెక్సిటోనులో నత్రజని అణువునకు ఒక మీథైలు ముక్క తగిలించిరి. నిద్రను వేగిరపరచినదియు, ఉద్రేకమును తెచ్చినదియు ఆ చిన్న ముక్కయే. త్వర కావలెనన్నచో ఎక్కిళ్ళను కూడ కొనవలసి వచ్చినది.

ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరమున జాన్ డండీ అను మత్తువైద్యుడు ఈ విషయమును పద్ధతిగా పట్టించుకొనెను. ఆయనయు, ఆయన తోడి వారును మందులను ప్రక్కప్రక్కన పెట్టి, ఎంతమందికి దగ్గు వచ్చినది, ఎంతమందికి ఎక్కిళ్ళు వచ్చినవి, ఎంతమంది అదిరిరి అని వ్రాసి పోల్చిరి. అంతకుముందు "కొందరికి వచ్చును" అని చెప్పి దాటవేసిన సంగతికి ఇప్పుడు లెక్క వచ్చినది. మందును వడిగా ఎక్కించినచో ఎక్కిళ్ళు హెచ్చును. పెద్ద మోతాదుతో హెచ్చును. ముందుగా నల్లమందు జాతి మందు ఇచ్చినచో తగ్గును. హయోసిన్‌గాని ప్రోమిథజీన్‌గాని ముందుగా ఇచ్చినచో హెచ్చును. మందు తప్పు ఎంత, దానిని ఇచ్చు చేతి తప్పు ఎంత అని వేరుచేసి చూచుటకు ఇది దారి చూపినది. ఎక్కిలి అప్పటినుండి వైద్యుని విసుగు మాత్రమే కాక, మందు గుణమును కొలుచు కొలబద్దలలో ఒకటి అయినది.

ఇంత లెక్క ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. నాలుగు ఎక్కిళ్ళు వచ్చిన ఏమి మునిగిపోవును? చాల సందర్భములలో ఏమియు మునిగిపోదు; అవియే వచ్చి అవియే పోవును. కాని కంటికి శస్త్రచికిత్స జరుగుచున్నపుడు ఒక్క కుదుపు చాలును. కడుపు తెరచినపుడు ఉదరవితానము ఎగిరిపడుచున్నచో ప్రేగులు నిలువవు. వీనికంటె పెద్ద భయము మరియొకటి కలదు. ఎక్కిలితో రొమ్ములోని ఒత్తిడి తటాలున పడిపోవును. ఆహారనాళపు క్రింది ద్వారము సడలును. కడుపులోని ఆమ్లము పైకి రావచ్చును. మేలుకొన్నవాడు దగ్గి బయటపడును. మత్తులో నున్నవాని ఊపిరితిత్తులలోనికి ఆ ఆమ్లము జారినచో ప్రాణాపాయము. 1946లో కర్టిస్ మెండెల్‌సన్ అను అమెరికా వైద్యుడు ప్రసవ సమయమున మత్తు పొందిన స్త్రీలలో ఈ ఉపద్రవమును వివరించెను. ఆనాటినుండి ఎక్కిలిని తేలికగా తీసికొను మత్తువైద్యుడు లేడు.

చికిత్సలును ఈ కాలముననే వచ్చినవి. మత్తును మరికొంత లోతు చేయుట మొదటిది. 1942 జనవరిలో మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ క్యురారేను శస్త్రచికిత్సలో వాడిన పిమ్మట, కండరములను సడలించి ఉదరవితానమునే నిలిపివేయుట సాధ్యమైనది. 1955లో క్లోర్‌ప్రోమజీన్ మొండి ఎక్కిళ్ళపై పనిచేయునని తెలిసినది. 1967లో సేలం అను మత్తువైద్యుడును ఆయన తోడివారును ముక్కుద్వారా సన్నని గొట్టమును పంపి గొంతు వెనుక గోడను తాకించి ఎక్కిళ్ళను ఆపవచ్చునని ప్రకటించిరి. మత్తులో నున్నవారికిని, మేలుకొన్నవారికిని అది పనికివచ్చినది. ఎరిక్సిమాకస్ ముక్కును పురికొల్పుమని చెప్పిన మాట ఇక్కడ మనకు జ్ఞాపకము రాక మానదు. వార్తలు పోవు నాడీమార్గమున మరియొక గట్టి వార్తను పంపినచో మొదటి వార్త చెదరిపోవును.

1960లు, 70లు సూదిమత్తులో పోటీల కాలము. ప్రొపానిడిడ్ అను మందు లవంగనూనె సారమునకు బంధువు. 1971లో వచ్చిన ఆల్తెసిన్ రెండు స్టెరాయిడుల కలయిక. ఈ రెండింటిని కరగించుటకు ఆముదమునుండి చేసిన క్రెమఫోర్ అను ద్రవమును వాడిరి. దానివలన కొందరికి తీవ్రమైన వికటము కలిగినది. 1984 నాటికి బ్రిటనులో రెండును అంగడినుండి తొలగినవి. 1964లో కనుగొనబడిన ఎటోమిడేట్ గుండెకు మేలైనది గాని దానితో కండరములు ఎగురుట హెచ్చు, ఎక్కిళ్ళును కలవు. పైగా అది అడ్రినల్ గ్రంథిని అణచునని 1983లో బయటపడి, రోజులతరబడి ఎక్కించుట మానవలసి వచ్చినది. ఇట్లు ఒక్కొక్క మందు ఒక్కొక్క గుణముతో వచ్చి ఒక్కొక్క దోషముతో పట్టుబడినది. ఎక్కిళ్ళే ఏ మందునైనను పడద్రోసినవని మేము చెప్పుట లేదు. సమముగా తూగిన త్రాసులో అవి ఒక గింజ బరువు.

ఆ త్రాసును ఒక ప్రక్కకు మొగ్గునట్లు చేసినది ప్రొపొఫోల్. బ్రిటనులోని ఐ.సి.ఐ. సంస్థలో పశువైద్యుడైన ఇయన్ గ్లెన్ బృందము 1973లో దాని గుణమును కనిపెట్టినది. 1977లో మనుష్యులపై తొలి పరీక్షలు జరిగినవి. మొదట దీనికిని క్రెమఫోర్ చిక్కు తప్పలేదు. తరువాత సోయా నూనె, కోడిగ్రుడ్డు లెసిథిన్ కలిపి పాలవంటి ద్రవముగా మార్చిరి. 1986లో అది బ్రిటనులో వాడుకకు వచ్చినది. మెథోహెక్సిటోన్‌వలె త్వరగా తెలివి నిచ్చును; ఎక్కిళ్ళు, దగ్గు దానికంటె చాల తక్కువ. గొంతులోని ప్రతిక్రియలను ఇది బాగుగా అణచును. ఆర్చీ బ్రెయిన్ అను వైద్యుడు 1981లో లండనులో రూపొందించిన స్వరపేటిక ముసుగును గొంతులో సుఖముగా అమర్చుటకు ఇట్టి మందే కావలసి యుండెను. ఈ రెండింటి స్నేహము నేటి శస్త్రచికిత్స గదుల రూపమునే మార్చినది.

అయినను ఎక్కిళ్ళు తుదముట్టలేదు. మిడజోలాం అను సూదిమందును నరముద్వారా ఇచ్చినపుడు నూటికి సుమారు నలుగురికి ఎక్కిళ్ళు వచ్చినట్లు దాని వివరపత్రమే చెప్పుచున్నది. 2020లో వాడుకకు అనుమతి పొందిన రెమిమజోలాం అను దాని వంశపు మందుతోను ఎక్కిళ్ళు కనబడుచున్నవి. ఇందులో ఒక వైరుధ్యము కలదు. మృత్యుశయ్యపై నున్నవారి మొండి ఎక్కిళ్ళను శాంతింపజేయుటకు అదే మిడజోలాం పనికివచ్చినది. ఎక్కిళ్ళను తెచ్చు మందే మరియొకచోట ఎక్కిళ్ళను ఆపుచున్నది. నాడులలో అణచు శక్తి యున్నది. ఆ అణచుదానిని అణచు శక్తియు నున్నది. మందు ముందుగా దేనిని పట్టుకొన్నది అనుదానిపై ఫలము ఆధారపడును.

ఎక్కిళ్ళు మనకెందుకు కలిగినవను ప్రశ్నకు 2003లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక ఊహ చెప్పిరి. కప్పపిల్ల మొప్పలతో ఊపిరి తీయునపుడు నీరు ఊపిరితిత్తులలోనికి పోకుండ గొంతును మూసికొనును. ఆ పాత యంత్రాంగము మన మెదడు అడుగున మిగిలియుండి అప్పుడప్పుడు కదలునేమో యని వారి యూహ. బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో కప్పపిల్లకు ఆ కదలిక ఆగును. మనము ఊపిరి బిగబట్టినపుడు జరుగునదియు అదియే. ఇది ఇంకను ఊహయే గాని, మత్తు వేళ మొదట తలయెత్తునది మనలోని అతి ప్రాచీన భాగమనుటకు పొసగియున్నది.

మెథోహెక్సిటోన్ కథకు ఒక కొసమెరుపు కలదు. ప్రొపొఫోల్ రాకతో అది సామాన్య శస్త్రచికిత్సలనుండి తప్పుకొన్నది. కాని తీవ్రమైన మనోవ్యాధులకు విద్యుత్తుతో చేయు చికిత్సలో దానికి ఆదరము మిగిలినది. ఆ చికిత్సలో నాడుల ఉద్రేకము కావలెను. ఇతర మందులు దానిని అణచివేయగా ఇది అంతగా అణచదు. ఒకచోట దోషమని త్రోసివేసిన స్వభావమే మరియొకచోట అక్కరకు వచ్చినది.

నేటి మత్తువైద్యుడు ఎక్కిలిని చూచి కంగారుపడడు. మత్తు లోతు చాలినదా, గొంతులో ఏమైన తగులుచున్నదా, కడుపులో గాలిగాని ఆహారముగాని నిండియున్నదా అని వరుసగా విచారించును. ఆ మూడవ ప్రశ్నకు జవాబు మన చేతిలోనే యున్నది. ముందు కనీసము ఆరు గంటలు అన్నము తినవలదనియు, చివరి రెండు గంటలు మంచినీరైనను త్రాగవలదనియు వైద్యుడు చెప్పినపుడు, బిడ్డ ఆకలికి ఏడ్చుచున్నాడని చాటున ఒక బిస్కత్తు పెట్టు తల్లులును, కాఫీ చుక్క ఏమి చేయునని గొంతు తడుపుకొను పెద్దలును కలరు. తెలివి లేనివేళ వచ్చు ఒక ఎక్కిలితో ఆ బిస్కత్తు ఎక్కడికి పోవచ్చునో ఇప్పుడు మనకు తెలిసినది. పొరపాటున తిన్నను వైద్యునితో నిజము చెప్పవలెను. ఆయన కోపపడినను పడవచ్చును గాని, శస్త్రచికిత్సను మరుపూటకు మార్చి మన ప్రాణమును కాపాడును.